బావను పడేయాల్సిన మనిషి

అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా తక్కువే. ఇళ్ళు మారేవాళ్ళ సామాను చేరవేసే కంపెనీలో పని. లిఫ్టు లేని ఇళ్ళకి ఇనప బీరువాను వీపుకి పట్టీ వేసుకుని ఒక్కడే మోసుకుపోయేవాడు కాబట్టి అందరూ బీరువా అనేవారు. మనిషి కూడా అలాగే ఉండేవాడు. గుమ్మంలో నిలబడితే గదిలో వెలుతురు తగ్గేది.

పనయ్యాక సాయంత్రాలు కుస్తీ. పాత గోడౌన్‌లో పరిచిన మ్యాటు, గోడకి ఒకే ఒక్క ఫ్యాను. భారీకాయుల విభాగంలో ఆ చుట్టుపక్కల అతనికి ఎదురు లేదు, బావ వచ్చేదాకా.

అప్పటికింకా బావ కాదు. బేకరీలో పిండి కలిపే మనిషి. చేతుల్లో బలముందిగానీ కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియదు. అతనికి ఓనమాలు దిద్దించింది బీరువాయే. మొదటి ఏడాదంతా రోజూ ఎత్తి పడేసేవాడు. పడ్డ ప్రతిసారీ ఆ మనిషి నవ్వుకుంటూ లేచి, ఎలా పడ్డానో చెప్పమనేవాడు. బీరువా పొంగిపోయి విడమరిచి చెప్పేవాడు. అలా చెప్పగా చెప్పగా ఒకరోజు పడటం బీరువా వంతయింది. ఆ తర్వాత ఆ వంతు మారనే లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. స్నేహం కొద్దీ ఇంటికి భోజనానికి తీసుకొస్తే చెల్లెలికి ఆ నవ్వు నచ్చింది. పెళ్ళయిపోయింది. ఇక ఇంట్లో మర్యాదలన్నీ అల్లుడికే. అమ్మ గరిటె ముందు అల్లుడి కంచం మీదే వాలేది. బావ పేపర్లో పడితే ఆ ముక్క కత్తిరించి తలుపు వెనక అంటించింది. "అన్నయ్యా, ఇంకొంచెం వడ్డించనా?" అని చెల్లెలు ఆప్యాయంగా అడిగినా, బావ తినగా మిగిలింది తనకి పెడుతున్నట్టు తోచేది బీరువాకి. కడుపు నిండేది కాదు, మండేది.

దేశదేశాల వాళ్ళు తలపడే పెద్ద ఆటల పోటీ వచ్చింది. ఎవరు వెళ్ళాలో తేల్చే ట్రయల్స్‌లో చివరికి మిగిలింది ఈ ఇద్దరే. బీరువా ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. బెంచీ మీద కూర్చుని బూటు విప్పుకుంటుంటే కోచ్ వచ్చి, నువ్వూ వస్తున్నావు, ప్రాక్టీసు పార్టనర్‌గా, అన్నాడు. అంటే పోటీకి కాదు, పోటీ చేసేవాడికి ఒళ్ళు వేడెక్కించడానికి. రానని చెప్పేద్దామనుకున్నాడు. కానీ ఈలోపే చెల్లెలు ఊరంతా చాటేసింది, కంపెనీ మేనేజరు సెలవిచ్చేశాడు. వద్దంటే కారణం చెప్పాలి. ఆ కారణం నోటితో చెప్పేది కాదు.

అక్కడ బావకి కొలిచి కుట్టిన కోటిచ్చారు. బీరువాకి ఉన్నవాట్లో పెద్ద సైజు ఇచ్చారు, దాని చేతులు మణికట్టుదాకా రాలేదు. బావ ఆటగాళ్ళ భవనంలో ఉన్నాడు. బీరువా పడుకున్న హాస్టల్ మంచంలో కాళ్ళు బయటే ఉండిపోయేవి. ఆ ఉక్రోషమంతా చేతుల్లోకి దించి పొద్దున్నే మ్యాటు మీద బావను పట్టేవాడు. మెల్లగా పట్టవయ్యా, దెబ్బ తగిలితే ఎవడు జవాబు చెప్పాలి, అని కోచ్ కేకలేసేవాడు. బావ మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు.

పోటీ రోజు బావ వరసగా గెలుచుకుంటూ ఫైనల్‌కి వచ్చేశాడు. పక్కనున్నవాళ్ళు చూస్తున్నారని బీరువా చప్పట్లు కొట్టాడు. లోపల మాత్రం, ఒక్కసారి కాలు జారకూడదా వీడికి, అనుకుంటూనే ఉన్నాడు.

ఫైనల్‌కి ముందు స్టేడియం కింది గదిలో ఇద్దరూ కుస్తీ పట్టారు. బీరువా పైపైన పట్టాడు.

"ఇంకా గట్టిగా పట్టు," అన్నాడు బావ.

"చాలు బావా, అలిసిపోతావు."

"నామీద ఒళ్ళు మండినప్పుడు పట్టుకుంటావే, అలా పట్టు."

బీరువా చేతులు వాటంతటవే సడలిపోయాయి. "నాకెందుకు మండుతుంది?"

"నాకు తెలీదనుకున్నావా? పెళ్ళి నాటి నుంచీ తెలుసు," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. "ఎవర్ని తీసుకెళ్దామని కోచ్ అడిగితే నీ పేరు చెప్పింది నేనే. మిగతావాళ్ళు నామీద గౌరవంతో పడిపోతారు. నన్ను నిజంగా పడేయాలని చూసేది నువ్వొక్కడివే. నాకు కావాల్సింది అదే."

బీరువా ఇన్నేళ్ళుగా ఎవరికంటా పడకుండా దాచుకున్న ఏడుపు అది. దాన్ని కూడా ఈ మనిషి తన సాధనకి వాడేసుకున్నాడు. ఆ అవమానంతో మీదపడి ఎలా పట్టాడంటే, బావ మూలిగి, "ఆ, ఇదీ," అన్నాడు.

ఫైనల్లో ప్రత్యర్థి బట్టతల మనిషి, మెడా భుజాలూ ఒకటే దిమ్మ. బావ చివరిదాకా ఆధిక్యంలోనే ఉన్నాడు. ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఆ బట్టతల మనిషి రెండు చేతులూ నడుం చుట్టూ బిగించి, ఎత్తి, వెనక్కి విసిరేశాడు. ఆ ఒక్క విసురుతో పాయింట్లన్నీ తారుమారయ్యాయి.

బీరువా గుండె చల్లబడింది. రెప్పపాటు. బట్టతల మనిషి జెండా కప్పుకుని మ్యాటు చుట్టూ పరిగెడుతుంటే, ఆ మంట మళ్ళీ రాజుకుంది, ఈసారి వాడి మీద. బావను అలా ఎత్తి పడేయాల్సింది తను. ఎన్నేళ్ళుగానో అందుకే ఒళ్ళు హూనం చేసుకున్నాడు. ఎక్కడినుంచో వచ్చిన ముక్కూమొహం తెలియనివాడు ఒక్క సాయంత్రంలో ఆ పని చేసుకుపోయాడు. బీరువా రెయిలింగు దాకా దిగివచ్చి, వాడి కాలు గీత దాటింది, ఇది చెల్లదు అని గొంతు పోయేలా అరిచాడు. కోచ్ చేసిన ఫిర్యాదు నిలవలేదు. కోచే వచ్చి, ఇక ఊరుకోవయ్యా అని భుజం తట్టాల్సి వచ్చింది. అన్నయ్య మా ఆయన కోసం ఎంత కొట్లాడాడో అని చెల్లెలు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ మాట అతను సరిదిద్దలేదు.

వెండి పతకంతో వచ్చిన బావ, మోకాలు పాడై ఆ ఏడే కుస్తీ మానేశాడు. మరుసటి ట్రయల్స్‌లో గెలుపు బీరువాదే. అందరూ మెచ్చుకుంటూనే, ఆయన లేడు కాబట్టి, అని ఒక ముక్క చేర్చారు. ఆ గెలుపుతో వెళ్ళిన పోటీలో మొదటి ఆటలోనే ఓడి వచ్చాడు.

ఒక సాయంత్రం గోడౌన్‌కి బావ ఊరికే చూడటానికి వస్తే, బీరువా ఉండబట్టలేక అడిగేశాడు. "ఒక్క పట్టు పడదాం రా బావా."

"ఈ మోకాలితోనా? ఇప్పుడు నువ్వే పడేస్తావు."

"అయితే ఓడినట్టు ఒప్పుకున్నట్టేగా?"

"ఒప్పుకున్నా," అని బావ నవ్వేసి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాడు.

బీరువా మ్యాటు మధ్యలో అలాగే నిలబడిపోయాడు. అంత తేలిగ్గా ఇచ్చేసిన ఓటమిని ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు. ఇంటికొచ్చాక కంచం సగంలోనే వదిలి లేచాడు. ఏమైందిరా అని అమ్మ అడిగితే, పని ఎక్కువైందన్నాడు.