గోడ మీది బొట్లు

పోయిన వారం చొప్పదండిలో బస్సు దిగగానే, పరమవీర చక్ర గ్రహీతల స్మారకానికి కొత్తగా రంగులు వేస్తున్నారని తెలిసి నా కాళ్లు ఇంటికి బదులు అటు తిరిగాయి. అభిమానంతో అనుకునేరు, అనుమానంతో. ఈ రోగం నాకు మా పెద్దబాపు నుంచి వచ్చింది. ఆయన మా బాపుకు అన్న, సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. పాలుపోసే అతన్నీ, పంచాంగం చూసే అయ్యగారినీ, ఆఖరికి తన చేతి గడియారాన్నీ నమ్మేవాడు కాదు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ మనిషి సందు మలుపు తిరిగేదాకా చూసి, "వీనికి నాతోని ఏం పని పడ్డదో" అనేవాడు.

స్మారకం కట్టినప్పుడు ఆయన ఉన్నాడు. నిర్మల్ నుంచి వచ్చిన చిత్రకారుడు పొడుగాటి గోడ మీద వీరుల ముఖాలు వేస్తుంటే, రోజూ వెళ్లి మీసాలకూ టోపీలకూ వంకలు పెట్టి వచ్చేవాడు. ఆవిష్కరణ రోజు నన్ను వెంటబెట్టుకుని గంట ముందే వెళ్లాడు. అప్పటికే స్మారకం కట్టించిన సంఘం వాళ్లు, మన ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోలకు చేసినట్టే, ప్రతి బొమ్మకూ కుంకుమ బొట్టు పెట్టి, దండ వేసి, ఊదుబత్తులు వెలిగించారు. పెద్దబాపు ఒక్కో ముఖం ముందూ ఆగి చూసి, జేబురుమాలు తడిపి ఒకాయన నొసటి బొట్టు తుడవడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినంత పనయింది. సంఘం పెద్ద పరుగున వచ్చాడు.

"వీళ్లల్ల కొందరు ఇంకా బతికే ఉన్నరు. సచ్చిపోయిన్రని మీకు ఎవలు చెప్పిన్రు?" అన్నాడు పెద్దబాపు.

అంత పెద్ద పతకం ప్రాణం పోయినవాళ్లకే ఇస్తారని సంఘం పెద్ద నమ్మకం. నిజం చెప్పాలంటే నాదీ అదే. రిబ్బను కత్తిరించే పెద్దమనిషి వచ్చే వేళయింది, ముసలాయన్ని పక్కకు తీసుకుపొమ్మని నాకు చెప్పారు. పెద్దబాపు కదల్లేదు. మా ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరమూ ఎత్తని మాట అప్పుడు చెప్పాడు. యుద్ధంలో ఆయన పోయాడని ఇంటికి తప్పు కబురు వచ్చిందట. ఆస్పత్రిలో నెలల తరబడి ఉండి తిరిగి వచ్చాడు.

"ఇంట్ల కాలు వెట్టంగనే గోడకు నా ఫోటో కనవడ్డది. దానికి బొట్టున్నది. మా ఆమె నొసటికి లేదు."

సంఘం పెద్ద తన కండువా కొస తడిపి, ఇంకా ఎవరెవరివి తుడవాలో చూపించమన్నాడు.

ఇప్పుడు పెద్దబాపు లేడు. నేను గోడ పొడవునా నడిచి చూశాను. ఆనాడు తుడిచిన ఆ నొసళ్లు శుభ్రంగానే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరక రంగులు వేసే అతన్ని అడిగాను. వాళ్లకు బొట్టు పెట్టొద్దని సంఘం పెద్ద ముందే చెప్పి వెళ్లాడట.

ఇంటికి వెళ్లేసరికి పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ, ఆయన ఫోటో తుడుస్తోంది. ఆయన పాడె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, కళ్లారా చూసినవాణ్ణి. అయినా ఆ ఫోటోకు బొట్టు పెట్టనివ్వదు. "ఒకపారి తొందరపడ్డం గద బిడ్డా, జర ఆగుదాం" అంటుంది. కాలం తన పని తాను చేసుకుపోయింది. ఆ ఒక్క ఫోటో దగ్గర మాత్రం కాలం మాట నమ్మడానికి మా ఇంట్లో ఇంకా ఎవరికీ మనసొప్పడం లేదు.