అక్కుపల్లి ఒడ్డున చక్రాల్లేని ఇల్లు

మిట్టమధ్యాహ్నం, కరెంటు లేని రేకుల గదిలో, తలుపు బిగుసుకుపోయి మీరెప్పుడైనా ఇరుక్కున్నారా? ఇరుక్కోకపోతే దెయ్యాలు లేవని నాకు బోధించకండి. ఆ మాట పలాసలో, టెక్కలిలో, మైకు దొరికిన ప్రతిచోటా మీకంటే గట్టిగా చెప్పినవాణ్ణి నేను. నిప్పుల మీద నడిచి చూపించాను. తాయెత్తులు కట్టేవాళ్లతో నడిబజారులో నిలబడి వాదించాను. దెయ్యాన్ని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెప్పి తీరాలి.

హైవేని వెడల్పు చేసిన రోజులవి. పని అయిపోయాక ఒక కాంట్రాక్టరు క్యాంపు ఎత్తేస్తూ, ఇంజనీర్లు ఉన్న బండి ఇంటిని అమ్మకానికి పెట్టాడు. లారీ వెనక తగిలించి లాక్కొచ్చే రకం. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, ఓ మూల స్నానాల గది. నేను బడిపంతుల్ని. సముద్రం పక్కన సెలవులు గడపడానికి ఓ ఇల్లుండాలని నాకూ, నా భార్య సులోచనకూ ఎప్పటి నుంచో కోరిక. కొనేశాను. అక్కుపల్లి ఒడ్డున, ఒకాయన జీడితోట చివర జాగా కౌలుకు తీసుకుని పెట్టించాను. టైర్లు కాంట్రాక్టరు మనుషులు విప్పుకుపోయారు. టెక్కలి క్వారీల దగ్గర పారేసిన గ్రానైటు దిమ్మలు తెచ్చి నాలుగు మూలలా ఎత్తు పెట్టాం.

గృహప్రవేశం అమావాస్యనాడు, రాహుకాలంలో చేశాను. పంచాంగం చూసేవాళ్లందరినీ పిలిచి మరీ చేశాను. మాకు చేపలిచ్చే అప్పన్న చుట్టూ తిరిగి చూసి, "సెక్రాల్లేని బస్సుకి టిక్కెట్టెంత మాస్టారూ?" అని నవ్వాడు.

సుఖమెంతో మొదటి వేసవికే తెలిసింది. ఏసీ కోసం చేసిన బండి కాబట్టి కిటికీ అద్దాలు తెరుచుకోవు. ఏసీ తిరగాలంటే కరెంటుండాలి, మా ఉద్దానం ప్రాంతంలో పగటిపూట అది ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు. ఉప్పుగాలికి మేకులు, గొళ్లేలు, తలుపు కమ్మీలు పొరలు పొరలుగా ఊడొచ్చాయి. వెళ్లిన ప్రతి సెలవూ తుప్పు గీకడంతోనే సరిపోయేది. ఇసుకలో దిమ్మలు ఒక్కోటీ ఒక్కో లోతుకు దిగేవి. దొంగలొస్తారని కిటికీలకు ఇనుప ఊచలు వెల్డింగు చేయించాను. ఆ తెలివి నాదే.

ఆ ఊళ్లో గంగమ్మ పండగనాడు ఎవరూ ఒడ్డు తొక్కరు. పడవలు ఇసుక మీదే ఉంటాయి. ఊరంతా లోపల కొబ్బరితోటలో సహపంక్తి భోజనాలు చేస్తారు. కట్టు దాటినవాడికి పెద్దలు తప్పు వేస్తారు, డబ్బు కట్టిస్తారు. నేను సరిగ్గా ఆ రోజే వెళ్లి ఉంటానని ముందుగానే చాటించాను.

"ఏటి మాస్టారూ పంతం? మా కోసం కాదు, మీ మంచికే సెప్తన్నాను. ఆ దినం పిలిత్తే పలికీవోడు ఉండడు," అన్నాడు అప్పన్న.

సులోచనకు ఉబ్బసం. రానంది. భార్యే వెంట రాకపోతే నా మాటకు విలువేముందని ఆమెను బలవంతాన తీసుకెళ్లాను.

పన్నెండు దాటాక గాలిదుమారం లేచింది. ఇసుక లోపలికి కొడుతోందని తలుపు లాగి వేశాను. కాసేపటికి కరెంటు పోయింది. తలుపు తీయబోతే రాలేదు. కింద ఒక మూల దిమ్మ దిగి, చట్రం మెలిపడి, తలుపును పట్టేసింది. ఇందులో మాయేమీ లేదు. భుజంతో గుద్దాను, పప్పుగుత్తి కాడతో ఎగదోశాను. పెనంతో అద్దం పగలగొడితే ఎదురుగా నా ఊచలు. ఎండకు కాలిన రేకు మీద చెయ్యి ఆనడం లేదు. అరిచాను. వినడానికి ఎవరున్నారు? సెల్‌ఫోన్లు ఇంకా మా చేతికి రాని రోజులు.

సులోచన ఉబ్బసానికి పీల్చే మందు బుడ్డీ అయిపోయింది. పగిలిన అద్దం దగ్గర మొహం పెట్టి కూర్చుంది. పెదాలు నల్లబడుతున్నాయి. మాట రావడం లేదు. గంటన్నర గడిచింది. నా భార్య నా కళ్లముందే, నా వాదన కోసం చచ్చిపోబోతోందని నాకు అర్థమైంది.

అప్పుడు బండి కదిలింది.

గాలికి ఊగడం కాదు. ఒక మూల మెల్లగా పైకి లేచింది. బయట చాలామంది మగవాళ్ల గొంతులు, పడవ లాగేటప్పుడు అందరూ కలిసి వేసే కేక. మూడుసార్లు వినిపించింది. మూడుసార్లూ నేల కొంచెం కొంచెం లేచింది. సులోచన నా చెయ్యి పట్టుకుని నేల వైపు చూపించింది. తలుపు కిర్రుమని దానంతటదే తెరుచుకుంది.

ఆమెను ఎత్తుకుని బయటికి దూకాను. ఎవరూ లేరు. ఒడ్డు పొడవునా పడవలు తప్ప నరమానవుడు లేడు. ఇసుక మీద అడుగుల జాడ లేదు. గాలి చెరిపేసిందనుకోవచ్చు. కానీ దిగిపోయిన మూల కింద ఒక తాటిదుంగ ఉంది. పడవల కింద వేసి దొర్లించే రకం. పొద్దున ఆ మూల నేనే వంగి చూశాను, అది లేదు. ఆ బండి మూల ఎత్తాలంటే పదిహేనుమందైనా కావాలి.

ఆటో కోసం కిలోమీటరు నడిచి, ఆమెను పలాసలో ఆసుపత్రికి చేర్చాను. బతికింది.

ఊరివాళ్లే వచ్చి సాయం చేసి, తప్పు వేస్తారన్న భయంతో దాక్కున్నారని నా వాదన. అది నిజం కావాలని ఎంత కోరుకున్నానో! పదిసార్లు వెళ్లి అడిగాను. పెద్దల ముందు నేనే తప్పు కట్టుకుంటానన్నాను.

"ఆకులు ఏసి కూకున్నాం బాబూ. ఒక్క ఆకు కాడా మడిసి నెగిసిపోలేదు. దుంగ మా ఏ పడవదీ కాదు," అన్నాడు అప్పన్న. తర్వాత నా మొహంలోకి చూసి, "మేవే అయితే సెప్పుకోమేటి? పేనం నిలబెట్టినోడికి తప్పేత్తారా ఎవులైనా?" అన్నాడు.

 

సులోచన దెయ్యమనీ అనలేదు, దేవతనీ అనలేదు. "మీ పంతానికి నా ఊపిరి పెట్టుబడి పెట్టారు," అని ఒక్కసారే అంది. మళ్లీ అక్కడ అడుగు పెట్టలేదు. నేను ఆ బండిని అమ్మలేకపోయాను. అమ్మితే దెయ్యం తరిమేసిందని ఊరంతా అంటుంది. అందుకని ఏళ్ల తరబడి ప్రతి సెలవుకూ ఒక్కణ్ణే వెళ్లి, లోపలికి పోయే ధైర్యం లేక బయట మెట్టు మీద కూర్చుని వచ్చాను. తలుపు తెరుచుకున్నా నేను బయటికి రాలేదన్నమాట.

ఇక చాలు. వచ్చే ఆదివారం గ్యాసు కట్టరు తీసుకెళ్లి దాన్ని ముక్కలు చేయిస్తున్నాను. ఎవరేమన్నా అననీ. మీకు ఒకే తలుపున్న ఇల్లుంటే, మీరే బిగించుకున్న ఊచలుంటే, మీ వాళ్లు వద్దన్నా వాళ్లను అందులో కూర్చోబెట్టి ఉంటే, నా అనుభవానికి కారణం వెతకడం తర్వాత. ముందు లేవండి. ఈ పూటే మనిషిని పిలిచి రెండో తలుపు కోయించండి.