పళ్ళెం నా చేతిలో ఉన్నంతకాలం

1993 డిసెంబరు 31, శుక్రవారం, సాయంత్రం ఏడు గంటలు. ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి ముందుగది. హాజరైనవారు: మా పాస్టరు గారు, పక్కింటి యాదమ్మ, ఆమె భర్త ఆటో నడిపే నర్సింలు, నా భార్య సువార్త, నేను.

ఆ రోజు నా డైరీలో ఇంతవరకే ఉంది. నలభై ఏళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా రాసినవాడిని, ఆ మిగతాది రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. సహోదరులారా, ఆ మిగతాదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సినిమా పనులు మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివస్తున్న రోజుల్లో మేమిద్దరం పనితోపాటే ఇక్కడికి వచ్చాం. స్టూడియోలో రేపు ఎవరు ఎన్నింటికి రావాలి, ఏ వ్యాను ఎక్కడికి వెళ్ళాలి అన్నది ముందురోజే కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం, సువార్త దుస్తుల విభాగంలో కుట్టుపని చేసేది, పూసల పని, చమ్కీల పని ఏది వచ్చినా ముందు ఆమెనే పిలిచేవారు. నన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నాక, చేతిరాత బాగుంటుందని కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డులు రాసే పని కూడా నాకే అప్పగించారు. మీ అందరికీ తెలిసిన వాడుకే. ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం రాసి, మడిచి పళ్ళెంలో పెడతాం. ప్రార్థించి ఒక్కొక్కరం ఒకటి తీసుకుంటాం, ఏది వస్తే అది ఆ ఏడంతా మనకు దేవుని మాట.

రేపు ఏం జరుగుతుందో తెలియకపోవడం నేను ఓర్చుకోలేని సంగతి. అందుకని శ్రమలను గురించిన వాక్యాలు రాయడం మానేశాను. ఎవరూ అడగలేదు, కార్డులు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది.

1990 చివర్లో సువార్త, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని, తలనొప్పి వస్తోందని రెండు మూడుసార్లు నాతో అంది. నాకు భయం వేసింది. భయపడినవాడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి కదా, నేను తీసుకెళ్ళలేదు. స్వస్థతను గురించిన వాక్యం ఒకటి రాసి, మూల మడిచి గుర్తు పెట్టుకుని, ఆ డిసెంబరు 31న ఆమె వంతు వచ్చినప్పుడు పళ్ళాన్ని కాస్త తిప్పి ఆ చీటీ సరిగ్గా ఆమె వేళ్ళ కిందికి వచ్చేలా పట్టుకున్నాను. ఆమె తీసి చదివి కళ్ళకద్దుకుంది. ఆ రోజు డైరీలో నా మాటలు ఇవి: "సువార్తకు స్వస్థత వాగ్దానం. మనసు తేలికైంది." ఎవరి మనసు తేలికైందో చూడండి.

ఆ తరువాత ఆమె కంటి మాట ఎత్తలేదు. దేవుడు మాట ఇచ్చాడు కదా అనుకుంది. ఎనిమిది నెలలకు, ఒక జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టిందని మేస్త్రి నవ్వితే, ఆమె ఎడమ కన్ను మూసుకుని చూసుకుంది. కుడి కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. డాక్టరు పరీక్షించి, ఇది నీటికాసుల జబ్బు అని, కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, పోయిన చూపు ఇక తిరిగి రాదని, ముందుగా వచ్చి ఉంటే నిలిపేవాళ్ళమని చెప్పాడు. నేను ఆయన టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను.

అంతకంటే ఘోరం ఇంట్లో జరిగింది. రోజూ తెల్లవారుజామున సువార్త ప్రార్థన ఒకటే: "ప్రభువా, నీవు మాట ఇచ్చావు, నేనే నమ్మలేకపోయాను, నా అవిశ్వాసాన్ని క్షమించు." అదే చాప మీద, ఆమె పక్కనే మోకరించి, నేను విన్నాను. ఒక రోజు కాదు, ఒక నెల కాదు. సంఘంలో నా స్థానం పోతుందని, ఆమె నా ముఖం చూడదని భయపడి నోరు మెదపలేదు.

1993 డిసెంబరు నాటికి ఎడమ కంట్లోనూ ఒత్తిడి మొదలైంది. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే అదీ దక్కదన్నారు. సువార్త ఒప్పుకోలేదు. "ముప్పై ఒకటో తారీఖున కార్డు తీస్తాను కదండీ. దేవుడు వెళ్ళమంటే వెళ్తాను, ఆగమంటే ఆగుతాను" అంది.

నేను ఏం చేశానో ఊహించగలరు. భయపడక సాగిపొమ్మనే వాక్యం రాసి, మళ్ళీ మూల మడిచాను. ఈసారి మంచికే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె ఒంటికన్నుతో తడుముకుంటూ పళ్ళెం వైపు చెయ్యి చాపింది. పళ్ళెం అంచు మీద నా బొటనవేలు నాకు కనబడింది, అప్పుడే తిప్పడం మొదలుపెట్టింది. పళ్ళెం కింద పెట్టేసి అంతా చెప్పేశాను.

ముందుగా మాట్లాడింది యాదమ్మ. "గట్లెట్ల జేసినవే అన్నా? నమ్మకం తక్కువైందని అక్క ఉపాసాలుంటున్నది. మొన్న జరమొచ్చినా ముద్ద ముట్టలే."

"ఊకోయే, జర ఆయన్ని చెప్పనియ్యి" అన్నాడు నర్సింలు.

"ఏం ఊకునేది? పోయినేడు మాకు సొంతిల్లని వచ్చింది. గది గూడ నువ్వే పెట్టినవా అన్నా?"

"లేదు యాదమ్మా, అది మీరు తీసుకున్నదే."

"మరి ఇల్లేది?"

పాస్టరు గారు తల వంచుకున్నారు, నవ్వు దాచుకోవడానికో బాధ దాచుకోవడానికో తెలియదు. సువార్త మాత్రం పళ్ళెం వైపు చాపిన చేతిని వెనక్కి తీసుకుంది. మెల్లగా అంది: "అయితే దేవుడు నాకు మాట తప్పలేదు. నా నమ్మకమూ తప్పలేదు." నా వైపు తిరిగి, "మీరు తప్పారు" అంది.

ఆ రాత్రి ఎవరూ చీటీ తీయలేదు. పాస్టరు గారు ఇలా ప్రార్థించారు: "తండ్రీ, రేపటి సంవత్సరంలో ఏముందో మాకు తెలియదు. తెలియకుండానే నీ చెయ్యి పట్టుకుంటాము." అంతకాలం నన్ను పట్టి ఉంచిన భయం ఆ ప్రార్థనలో నన్ను వదిలింది, సహోదరులారా, నేను పొందిన విడుదల అదే, దేవునికే మహిమ. ఆపరేషన్ జరిగింది, ఎడమ చూపు నిలిచింది, ఈ కాగితాలు కూడా సువార్త చదివాకే మీకు పంపుతున్నాను. కుడి కన్ను రాలేదు. దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను, అయినా ఆమె ఆ పక్కనున్న గ్లాసు కోసం తడుముకున్న ప్రతిసారీ నాకు ఆ పళ్ళెం గుర్తొస్తుంది. కొత్త ఏడు మీ గుమ్మంలో నిలబడినప్పుడు, అందులో ఏముందో ముందే చూడాలని ఆరాటపడకండి, చూసినట్టు ఇతరులను నమ్మించకండి. ఎవరికైనా నొప్పి ఉందంటే ఆస్పత్రికి తీసుకెళ్ళి, అక్కడ వాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థించండి. ఆయన మన చీటీలలో ఇమిడే దేవుడు కాడు, అయినా నమ్మదగినవాడు.

మరునాడు జనవరి ఒకటి, శనివారం. నేను లేచేసరికి సువార్త చీర కట్టుకుని, ఆస్పత్రి కాగితాలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో ఉంది. రాత్రి నుంచి నాతో ఒక్క మాట లేదు. నర్సింలు ఆటో తెచ్చాడు. ఆమె ఎక్కింది. నేను అలవాటుగా ఆమె కుడి పక్కకు ఎక్కబోయాను.

"అటు కాదు, ఎడమ పక్కకు రండి" అంది. "ఇక నుంచి మీ చేతులు నాకు కనబడాలి."