యాకమ్మ టీచర్ నాకిచ్చిన వంతు

మొన్న హనుమకొండ బస్టాండులో పరకాల బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీటులోని ఆమె అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడిని గ్లాసులో వేసి, ఫ్లాస్కులోని వేడినీళ్లు పోసి, ఒళ్లోని పిల్లకు కలుపుతోంది. వేయించిన గోధుమలు, పాలపొడి, చక్కెర కలిసిన వాసన. మల్లెపూల వాసనకో, తొలకరి మట్టి వాసనకో మనుషులు కరిగిపోతారని విన్నాను. నాకు మాత్రం సర్కారు ప్యాకెట్లో పంచే పిండి వాసనకు కళ్లు చెమర్చాయి. ఆమె నన్నొకసారి చూసి, గ్లాసును కిటికీ వైపు జరుపుకొంది.

అది మా ఊరి అంగన్‌వాడీ టీచర్ యాకమ్మ చీర వాసన. మీరు ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. కళ్లద్దాలకు ఒకవైపు పుల్ల ఊడిపోతే దారం కట్టుకొని చెవికి తగిలించుకునేది. మహాత్మురాలేమీ కాదు. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టి, వాళ్లకంటే ముందు తనే గురక పెట్టేది. ఆ గురకకు అలవాటుపడ్డ పిల్లలు ఇంట్లో నిద్రపోవడం లేదని తల్లులు ఫిర్యాదు చేసేవారు.

అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, ఊళ్లో ఖాళీగా ఉండడమనే ఉద్యోగంలో చేరాను. పొద్దున్నే ప్రైవేటు బడి పచ్చ వ్యాను వచ్చి, మూడేళ్ల పిల్లలకు కూడా టై కట్టించి పరకాలకు తీసుకుపోయేది. అంగన్‌వాడీలో తొమ్మిదిమంది మిగిలారు. వేసవిలోగా పిల్లల సంఖ్య పెరగకపోతే మా కేంద్రాన్ని మెయిన్ రోడ్డు అవతలి ఊరి కేంద్రంలో కలిపేస్తామని పైనుంచి కబురు వచ్చింది. ఆ రోడ్డు మీద ఇసుక లారీలు తిరుగుతాయి. మూడేళ్ల పిల్ల దాన్ని దాటలేదు. అంటే కూలికి పోయే తల్లులు మళ్లీ పిల్లల్ని పత్తి చేలకు మోసుకుపోవాలి, వాళ్లకు బడి లేనట్టే.

గ్రామసభలో యాకమ్మ టీచర్ లేచి, జీతం అడగలేదు, జెండా పండుగ ప్రసంగమూ చెయ్యలేదు. వారంలో ఒక పూట, ఇంటికొక మనిషిని అడిగింది. వచ్చినవాళ్లు తమకు తెలిసిన పనే పిల్లల ముందు చెయ్యాలట. నేను వెనకనుంచి నా తెలివి చూపించాను.

"టీచరమ్మా, పిల్లలు సదువుకు గాదు, గుడ్డు కోసం వస్తాన్రు. రెండు కోళ్లను సాదు, బడి అదే నిండుతది."

సభంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. "నవ్విచ్చుడు వస్తదారా నీకు? మంచిది. గురువారం నీ వంతు. వచ్చి మా పోరగాండ్లను నవ్వియ్యి" అని కాగితం మీద నా పేరు రాసేసుకుంది.

సోమవారం దర్జీ కరీం చాచా వంతు. గుడ్డపేలికలు తెచ్చి, ఎర్రవి ఒకవైపు, పచ్చవి ఒకవైపు పిల్లలతో ఏరించేవాడు, మిగిలిన ముక్కలతో బొమ్మలు కుట్టేవాడు. కుమ్మరి లచ్చవ్వ మట్టి తెచ్చి పిట్టలు చేయించేది, వడ్రంగి చెక్క బండ్లు చేసిచ్చేవాడు. చాచా దగ్గర గుడ్డలున్నాయి, లచ్చవ్వ దగ్గర మట్టి ఉంది. నేను జోకులు పట్టుకొని పోయాను. సర్పంచి మీద ఒకటి, కరెంటాయన మీద ఒకటి వేశాను. పిల్లలు కన్నార్పకుండా చూశారు. అనూష అనే పిల్ల నా మోకాలు పట్టుకొని "మామా, ఆకలైతాందా?" అని అడిగింది. పరువు మిగిలుండగానే పోదామని లేవబోయి, దూలానికి తల కొట్టుకున్నాను. గదంతా నవ్వింది. మళ్లీ కొట్టుకొమ్మన్నారు. కొట్టుకున్నాను.

"ఎదుటోని మీద నవ్విచ్చుడు సులువే బిడ్డా," అంది టీచర్, తలకు కొబ్బరినూనె రాస్తూ. "నీ మీద నవ్వనియ్యి. అప్పుడు దగ్గరికొస్తరు."

దగ్గరికి వచ్చారు. ఒకరు వీపెక్కారు, ఒకరు చెప్పులు దాచారు. ఇంటికి మట్టి చేతులతో, కొత్త కొత్త కబుర్లతో పోతున్న పిల్లలను చూసి, ఇక్కడ ఏం జరుగుతోందో చూద్దామని తల్లులు వచ్చారు. వ్యాను మానేసి ఇద్దరు, ముగ్గురు చొప్పున చేరి, తొమ్మిదిమంది కాస్తా పందొమ్మిదిమంది అయ్యారు.

ఇక బడి నిజంగానే నడుస్తోందా అని తనిఖీ అధికారి మేడం వచ్చి చూసి సంతకం చెయ్యడమే మిగిలింది. ముందు రోజు టీచర్ మీటింగు కోసం పరకాల పోయింది. వంతుల వాళ్లమంతా ఆమెకు సాయం చేద్దామనుకున్నాం. మా సాయం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు పాపం. నెలల తరబడి కుట్టిన బొమ్మలు చినిగి ఉంటే మేడం ఏమనుకుంటుందని చాచాకు ఫికరు పట్టుకుంది. ఉపాయం నేను చెప్పాను. చాచా దుకాణంలోని చీరల కవర్లు తెప్పించి, బొమ్మలు, మట్టి పిట్టలు, చెక్క బండ్లు అన్నీ దులిపి తుడిచి వాటిలో పెట్టించాను. మొలలు కొట్టి, పిల్లల చేతికే కాదు, టీచరమ్మ చేతికీ అందనంత ఎత్తున నేనే వేలాడదీశాను. నోటి మీద వేలు పెట్టుకొని కూర్చోవడం పిల్లలకు నేర్పాం. గది పెళ్లివారి బట్టల దుకాణంలా మెరిసిపోయింది.

మర్నాడు టీచర్, జీపులో మేడం ఒకేసారి వచ్చారు. మేడం గోడలు చూసింది, వేళ్లు పెట్టుకున్న నోళ్లు చూసింది. "ఇవన్నీ చూపించడానికేనా? పిల్లలు ముట్టుకోరా?" అంది. సంతకం చెయ్యడానికి పెన్ను తీసింది. ఆ పెన్ను కేంద్రాన్ని కలిపేసే కాగితం మీదికే పోతోందని మా అందరికీ తెలుసు. నేను చాచా వెనక్కి జరిగాను.

"నేనే పెట్టిచ్చిన మేడం, ఖరాబైతయని," అంది యాకమ్మ టీచర్. "తప్పు నాదే."

అప్పుడు అనూష నోటి మీద వేలు తీసి, "మామా, నా బండి దించు" అంది. దించాను. మిగతా పద్దెనిమిదిమంది మీద పడ్డారు. కవర్లు చినిగాయి, ఒక పిట్ట ముక్కు పోయింది, చాచా గుండె పట్టుకున్నాడు. మేడం పెన్ను పక్కన పెట్టి గంటసేపు కూర్చుంది, పిల్లలు పోసిన ఉత్తుత్తి చాయ్ మూడు కప్పులు తాగింది. కేంద్రం మా ఊళ్లోనే ఉండిపోయింది.

కవర్లు ఎవరు పెట్టారని టీచర్ ఆ రోజు అడగలేదు, తర్వాతా అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒక మంచి గురువారం చూసి చెబుదామనుకున్నాను. గురువారాలు చాలానే వచ్చాయి. ఆమె రిటైరైంది, ఏడాది తిరగకముందే గుండెపోటుతో పోయింది. నర్సంపేట దగ్గర ఆమె తల్లిగారి ఊళ్లో దినాలకు చాచా, నేను బండి మీద పోయాం. తిరిగొస్తూ, కవర్ల సంగతి ఆమెకు చెప్పకుండానే ఉండిపోయానని చాచాతో అన్నాను.

"ఆమెకు తెల్వదనుకున్నవా? ఆ మొలల దాకా చెయ్యి అందేటోడు ఊళ్లె ఇంకెవడున్నడు బేటా?" అన్నాడు.

బండి కాసేపు పక్కన ఆపాను. కంట్లో పురుగు పడిందన్నాను. చాచా నమ్మినట్టు మొహం పెట్టాడు.

ఇప్పుడు హనుమకొండలో ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆదివారం బదులు గురువారం సెలవు పెట్టించుకొని, నా వంతుకు ఊరికి పోతుంటాను. కొత్త టీచర్ బాగానే చేస్తుంది. నాకు అదే కొంచెం కష్టంగా ఉంటుంది. ఆఫీసులో ఏదైనా పగిలినప్పుడు, ఎవరు చేశారని అడగబోయి ఆగుతాను. ఆ ఆగిన కాసేపట్లో యాకమ్మ టీచర్ పక్కనే నిలబడి ఉన్నట్టుంటుంది. అప్పుడు మాత్రం నాకు జోకు తట్టదు.