మగ్గం దగ్గర లేనివాళ్లు

నగరి మరమగ్గాల షెడ్లలో మగ్గం ముందు నిలబడి పనిచేసేవాళ్లకు చెవులు బాగానే వినిపిస్తున్నాయనడానికి ఆధారాలున్నాయని ఒక నివేదికలో రాశాను. అది అబద్ధం కాదు. చెవులు పోయినవాడిని మగ్గం ముందు నిలబడనివ్వరు అన్న మాట మాత్రం రాయలేదు. ఆ సంగతి నాకు ఏ పుస్తకం చదివినా తెలిసేది కాదు. నేను ఆ షెడ్ల వీధిలోనే పుట్టాను కాబట్టి తెలుసు.

తిరుపతిలో ఒక కళాశాలలో, చేసే పని వల్ల మనిషికి వచ్చే జబ్బుల గురించి పాఠాలు చెబుతాను. మా ఇంటివాళ్లంతా మగ్గం పనివాళ్లు. అక్కను కూడా నగరిలోనే, షెడ్డులో నేసే మనిషికి ఇచ్చారు. కొన్నేళ్ల కిందట బావ పనిచేసే షెడ్డువాళ్లూ, చుట్టుపక్కల షెడ్లవాళ్లూ కలిసి రెండు కోరికలు పెట్టారు. ఏటా చెవుల పరీక్ష చేయించాలి. చెవులు పోయి మగ్గం నుంచి తప్పించినవాడికి కూలి తగ్గించకూడదు. వయసు మీద పడితే ఎవరికైనా చెవులు మందగిస్తాయి, మగ్గం చప్పుడు వల్లే పోయాయని ఎవరు తేల్చారు అని యజమానులు అన్నారు. అది తేల్చడానికి తిరుపతిలో ఒక కమిటీ కూర్చుంది. ఇంతవరకు జరిగిన పరిశోధనలు వెతికి, వాటిలో నమ్మదగినవేవో తూచి చెప్పే పని నాకు అప్పగించారు.

అది తెలిసి బావ పొంగిపోయాడు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి వాకిట్లోనే పట్టుకున్నాడు.

"బామ్మర్దీ, నువ్వే రాస్తావంట కదా! షెడ్డంతా సెప్పేసినా. ఇంక మనోళ్లకేం బయం లేదనినా!"

"నేను రాసేది కాదు బావా. అందురూ రాసింది సదివి సెప్పేదే."

"ఆఁ?"

"సదివి సెప్పేది!"

"ఏదో ఒకటిలే. సదువుకున్నోడివి, నీకు రెండూ ఒకటే."

"మెల్లిగా మాట్లాడండి, వీధంతా లేస్తాది" అని లోపలినుంచి అక్క అరిచింది. ఆ అరుపు కూడా బావకు వినిపించాలని వేసిందే.

అప్పటికే బావను కండెల గదికి పంపించేశారు. అదెలా జరుగుతుందో చెప్పాలి. షెడ్డులో ఒక్క మనిషి నాలుగైదు మగ్గాలు చూసుకుంటాడు. కొన్ని ఎప్పుడూ వీపు వెనకే ఉంటాయి. వాటిని కంటితో కాదు, చెవితో చూసుకోవాలి. పోగు తెగినా, నూలును అటూ ఇటూ మోసే నాడె తట్టుకున్నా చప్పుడు మారుతుంది, మనిషి గిరుక్కున తిరగాలి. తిరగకపోతే గుడ్డ పాడవుతుంది. ఎవరి మీదైనా అనుమానం వస్తే మేస్త్రీ వెనకనుంచి వచ్చి ఒక మగ్గం ఆపేస్తాడు. ఆ మనిషి తిరిగి చూశాడా, సరే. చూడకపోతే ఏమీ అనడు, మగ్గం మళ్లీ నడిపించి వెళ్లిపోతాడు. ఇంకో రోజు మళ్లీ ఆపుతాడు. అప్పుడూ తిరగకపోతే ఆ మనిషిని మగ్గం నుంచి తప్పించి, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టే గదికి పంపిస్తారు. అక్కడ ఆడవాళ్లూ ముసలివాళ్లూ ఉంటారు. కూలి బాగా తక్కువ.

"మీ బావను గూడా కండెలకు పంపించినార్రా" అని అక్క అంతకుముందే ఫోనులో చెప్పింది. "వెనక మగ్గం నిలిచిపోయింది ఈయనకు తెలీలేదంట. ఆడోళ్ల మద్దెన కూర్చోవాలని రెండు పూట్లా అన్నం ముట్టలేదు."

నేను వెతకడం మొదలుపెట్టాను. చప్పుడు, వినికిడి, నేత అన్న మాటలకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో రాసుకుని, వాటిని అటూ ఇటూ కలిపి కంప్యూటరులో వెతికాను. సారాంశాలు చదివి పనికిరానివి తీసేశాను. పూర్తి వ్యాసాలు తెప్పించుకుని, చదివి ఇంకొన్ని తీసేశాను. ఆ పని శ్రద్ధగానే చేశాను, ఇప్పటికీ ఆ మాట అనగలను. మరమగ్గాల మీద సూటిగా మాట్లాడినవి చివరికి రెండే మిగిలాయి.

ఒకటి పెద్దది. చెవులు పరీక్షించే మంచి యంత్రాలు, చప్పుడు చొరబడని గది, శిక్షణ పొందిన మనుషులు. నేతగాళ్ల చెవులు చాలావరకు బాగున్నాయని తేల్చింది. రెండోది ఒకామె రాసిన చిన్న సిద్ధాంత వ్యాసం. మగ్గం మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాకిళ్లలో కూర్చోబెట్టి పరీక్షించింది. చాలామందికి చెవులు పోయాయని రాసింది. పోల్చి చూడడానికి వేరే పనివాళ్లు లేరు, మనుషులు కొద్దిమంది. పరీక్ష చేస్తుంటే కాకులు అరిచాయని, అవి ఎగిరిపోయేదాకా ఆగవలసి వచ్చిందని ఆమే నిజాయితీగా రాసుకుంది.

పరిశోధనను తూచడానికి మాకు కొన్ని ప్రశ్నలుంటాయి. పరీక్షించిన మనుషులను ఎలా ఎంచుకున్నారన్నది వాటిలో మొదటిది. పెద్ద పరిశోధనలో "ఆ రోజు మగ్గాల మీద పనిలో ఉన్నవారందరినీ" అని ఉంది. నేను "స్పష్టంగా ఉంది" అని గుర్తు పెట్టాను. స్పష్టంగానే ఉంది. ఆ అందరిలో మా బావలాంటివాడు ఉండడన్నదీ అంతే స్పష్టంగా ఉంది.

మొదటి చిత్తులో కండెల గది గురించి ఒక పేరా రాశాను. కమిటీ పెద్ద, పదవీ విరమణ చేసిన ఆచార్యుడు, అది చదివి నన్ను పిలిపించారు.

"ఈ కండెల గది సంగతి ఎందులో వచ్చింది?"

"ఎందులోనూ రాలేదు సార్. అందరికీ తెలిసిందే."

"అందరికీ అంటే?"

"నగరిలో."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "మీది నగరేనా?"

అవును, మా బావ ఆ గదిలోనే ఉన్నాడు అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. "నా చదువంతా తిరుపతిలోనే సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "తీసేయమని నేను చెప్పను. అచ్చులో లేని మాట ఉంచాలో వద్దో మీకే తెలియాలి." పక్షపాతం ఉన్నవాడని ఆయన అనుకుంటారేమోనని భయపడ్డాను. ఊరివాడి మాటలా కాకుండా పండితుడి మాటలా వినిపించాలని ఆశపడ్డాను. ఆ సాయంత్రమే పేరా తీసేశాను.

సమావేశానికి పనివాళ్ల తరఫున కొందరు వచ్చారు. బావ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. నేను రెండు పరిశోధనలనూ వివరించాను. చిన్నదాని దగ్గరికి వచ్చినప్పుడు, "ఈ పరీక్షలో నేతగాళ్ల కంటే కాకులే ఎక్కువ పాల్గొన్నట్టున్నాయి" అన్నాను. గదంతా గొల్లున నవ్వింది. వెనక వరుసలో బావ అటూ ఇటూ చూసి, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వాడు. ఒక్క ముక్క కూడా అతనికి వినిపించలేదని నాకు తెలుసు. తరువాతి కాగితం తిప్పాను.

మగ్గం చప్పుడు వల్ల చెవులు పోతున్నాయనడానికి తగిన ఆధారం లేదని కమిటీ రాసుకుంది. రెండు కోరికలూ కొట్టేశారు.

ఇద్దరం ఒకే బస్సులో నగరికి వెళ్లాం. పుత్తూరు దాటాక బావ నా మోకాలు తట్టాడు. "అందురూ నవ్వినారే, మంచిదేనా?"

"ఇంకా తేలలేదు బావా" అని కిటికీలోంచి బయటికి చూశాను.

మర్నాడు షెడ్డులో అతనికి తెలిసింది. "మీ బామ్మర్ది లెక్కలో నీ సెవులు బాగుండాయంటనే! పో, మళ్లా మగ్గమెక్కు పోప్పా!" అని కుర్రవాళ్లు ఆడుకున్నారని అక్క చెప్పింది. బావ నన్ను తిట్టలేదు. నేను వెళ్లినప్పుడల్లా పని ఉందని చెప్పులేసుకుని బయటికి పోవడం మొదలుపెట్టాడు.

నేను మాత్రం ఏటా తరగతిలో ఇదే తప్పు గురించి పాఠం చెబుతూ వచ్చాను. పనిలో మిగిలినవాళ్లను మాత్రమే చూస్తే పని మంచిదిగానే కనిపిస్తుంది, పని వల్ల చెడిపోయినవాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు అని నల్లబల్ల మీద రాసేవాడిని. ఉదాహరణలన్నీ పరాయి దేశాల గనులవి, మిల్లులవి. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు.

ఈ మధ్య మరమగ్గాల గురించి కొత్తగా ఏమైనా వచ్చిందేమోనని వెతుకుతుంటే ఒక వ్యాసం దొరికింది. వేరే రాష్ట్రంవాళ్లు రాసింది. వినికిడి నష్టానికి ఆధారాలు చాలవని అందులో ఒక వాక్యం. దానికి మూలం ఏమిటా అని చివరి పేజీ చూస్తే నా నివేదికే. నేను మింగేసిన మాట అచ్చులోకి ఎక్కలేదు, దాన్ని మింగిన నివేదిక మాత్రం ఎక్కింది. ఎక్కడో ఇంకో షెడ్డువాళ్లు పరీక్షలు అడిగితే, వాళ్ల ముందు కూడా ఇదే పెడతారు.

కండెల గది సంగతంతా వివరించి ఆ వ్యాసకర్తలకు రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఈ ఆచారం ఏ పరిశోధనలో నమోదైందో తెలిపితే తప్పక పరిశీలిస్తామన్నారు. కమిటీ నడిచిన కార్యాలయానికి వెళ్లాను. "ఆ పైలు ఎప్పుడో మూసేసినాం సార్. ఇప్పుడు తెరవాలంటే ఎవురు అడిగినారని రాసుకోవాల?" అన్నాడు అక్కడి గుమాస్తా. నేనే అడిగినానని రాసుకోమన్నాను. రాసుకోవడానికి కాగితం తీసుకున్నాడు.

అక్కడినుంచి నేరుగా నగరి బస్సెక్కాను. ఇంటికి వెళితే చెప్పులేసుకుని బయటికి పోతాడని షెడ్డుకే వెళ్లాను. బావ కండెల మిషను ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఆడవాళ్లు. గోడ అవతల మగ్గాలు మోగుతున్నాయి.

"ఏమి, ఈడికొచ్చినావు? మీ అక్కకేమన్నా అయ్యిందా?"

"ఏమీ కాలేదు. నీతో ఒక మాట సెప్పాల. బయటికి రా బావా."

"మిషను ఆపితే మేస్త్రీ అరుస్తాడు. ఈడే సెప్పు."

వంగి అతని చెవి దగ్గర చెప్పాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు. అతను తల వెనక్కి లాగి నా నోటివైపు చూశాడు.

"గొణిగితే నాకేం తెలుస్తాదప్పా? నోరు తెరిసి మాట్లాడు."

కొంచెం గట్టిగా చెప్పాను. పక్కనున్న ముసలామె నవ్వింది. "అది సాలదు నాయనా. ఈయప్పతో మాట్లాడాలంటే అవతల మగ్గాలోళ్లకు గూడా ఇనపడాల."

గదిలో చేతులన్నీ ఆగాయి. అందరూ నావైపే చూస్తున్నారు. అప్పుడు అరిచాను.

"నిన్ను కండెలకు పంపించింది నాకు తెలుసు బావా! రాసినా గూడా! నా సేత్తోనే తీసేసినా! ఆ పొద్దు అందుర్నీ నవ్వించింది నేనే! ఏమిటికి నవ్వుతావుండారో తెలీక నువ్వు గూడా నవ్వితివి, నేను సూసినా! తప్పు నాది బావా! నన్ను మన్నించు!"