నొప్పి లేని చోటు

మా పక్కింటి తాత పోయాడు. మొన్న మంగళవారం పొద్దున ఉప్పుమడుల్లోకి వెళ్లే జనం ఎప్పటిలాగే ఆయన అరుగు ముందు ఆగి "తాతా, ఎల్తన్నాం" అంటే లోపలి నుంచి బదులు రాలేదట. నేను అప్పటికే నౌపడ స్టేషన్ పక్కన లారీకి ఉప్పు బస్తాలు ఎత్తుతున్నాను. చిన్నాన్న సైకిల్ దిగకుండానే "ఒరే, తాత ఎలిపోనాడురా" అన్నాడు. ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ఏడు నెలలుగా ఆ ఇంటి గుమ్మం తొక్కనివాడికి అంతకంటే తెలివైన ప్రశ్న ఎలా తడుతుంది?

ఆయన నాకు చుట్టం కాదు. మా రెండిళ్లకూ మధ్య ఒక గోడ, అంతే. ఉప్పుమడుల్లో రోజంతా నడుం వంచి పనిచేసేవాళ్లకి సాయంత్రం ఒళ్లు పట్టేవాడు. మీరు మాలీషు అనండి, మర్దనా అనండి, ఆయనకి మాత్రం అది 'ఒల్లు పట్టడం'. అరుగు మీద రెండు ఇటుక దిమ్మలు, వాటి మీద పాత తలుపు చెక్క. ఎన్నేళ్ల నూనో పీల్చి ఆ చెక్క మధ్యలో మనిషి ఆకారంలో నల్లబడింది. ఎవరు వచ్చి బోర్లా పడుకున్నా ఆ నలుపులో సరిపోయేవారు, పొట్టివాళ్లు కూడా.

వచ్చినవాణ్ణి నొప్పెక్కడ అని ఆయన ఎప్పుడూ అడగలేదు. "నొప్పి లేని సోటు ఏదిరా, సెప్పు" అనేవాడు. వాళ్లు వెతుక్కునేవారు. ఒంటినిండా నొప్పి అని వచ్చినవాడు కాసేపు ఆలోచించి, "ఎడం మోకాలు బాగానే ఉన్నాది తాతా" అనేవాడు. అక్కడి నుంచి మొదలుపెట్టేవాడు. ఎందుకని అడిగితే నాకు చెప్పాడు:

"నొప్పి మీదకి తిన్నగా సెయ్యి ఎల్తే అది బిగుసుకుంటాదిరా. ముందు దాని పక్కన కూకోవాల. సుట్టం ఇంటికెల్లినట్టు."

నూనె ఆయనే కాచేవాడు. నువ్వుల నూనెలో వావిలాకు వేసి, ఆకు కరకరలాడేదాకా. ముందు తన మణికట్టు మీద ఒక చుక్క వేసి వేడి చూసుకునేవాడు. నడుం మరీ పట్టేసినవాళ్లకి ఉప్పు కాపడం. కల్లుప్పు మూకుడులో చిటపటలాడించి, పొందూరు నేత పాత పంచె ముక్కలో మూటగట్టి అద్దేవాడు. "ఈ ఉప్పే గదేటి మా నడుం ఇరగ్గొట్టింది, మల్లీ దాంతోనే ఏటి తాతా?" అని ఒకామె గొడవపడితే, "అందుకే ఏపుతన్నానమ్మా, కోపం తీరా" అన్నాడు. అరుగంతా నవ్వు.

నా సంగతి చెప్పాలి. డిగ్రీ మధ్యలో వదిలేశాను. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్ దగ్గర ఫుట్‌పాత్ మీద అమ్మే చిన్న చిన్న పుస్తకాలు నా చదువు. మట్టి పట్టీ, ఉపవాసం, మందుల వ్యాపారం, మనిషిని ముక్కలుగా కాక మొత్తంగా చూడడం. అవి చదివితే నాకు రక్తం ఉడికిపోయేది. తెచ్చి ఆయన ముందు గట్టిగా చదివేవాణ్ణి. "తాతా, నువ్వు చేసేది సంపూర్ణ ఆరోగ్యం. తెలుసా?" అంటే, "సంపూర్ణం ఏటిరా గుంటడా, రేపు పొద్దున్న నడుం వొంగితే సాలు" అనేవాడు. నాకు మండేది. ఇంత విద్య చేతుల్లో పెట్టుకుని ఇంత చిన్నగా మాట్లాడతాడేమిటని.

చెప్పొద్దూ, ఆ రోజుల్లో నన్ను ముట్టుకునే మనిషి ఆయనొక్కడే. అమ్మ లేదు. నాన్నతో మాట పడదు. స్నేహితులు నా వాదనలకి జడిసి దూరమయ్యారు. బస్తాలు మోసిన భుజం మీద ఆ అరచెయ్యి పడితే నాలో ఎక్కడో వాదన ఆగిపోయేది. నా ముందువాళ్ల పని అయ్యాక చెక్క మీద రెండుసార్లు తట్టేవాడు, దబ్, దబ్ అని. 'తరవాతోడు రా' అని అర్థం. ఆ తరవాతోణ్ణి రోజూ నేనే.

"నీకెవరు పడతారు తాతా?" అని ఒకసారి అడిగాను.

"నా సెయ్యి నా ఈపుకి అందదురా. అక్కడో సోటు ఉన్నాదని మర్సిపోతే సరి."

"నేను పడతాను."

"నీయి తొందరోడి సేతులు. కొట్లాటకి పనికొస్తాయి గానీ."

ఆయన మీద ప్రేమతోనే ఆ కరపత్రం వేశాను. టెక్కలిలో అచ్చు. 'మందు లేని వైద్యం – గుండె నుంచి గోటి దాకా ఏ నొప్పికైనా' అని పైన పెద్ద అక్షరాలు, కింద మా వీధి గుర్తులు. నౌపడలోనూ, ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీదా నేనే పంచాను. ఆయనకి చెప్పలేదు, చదివి వినిపించలేదు. అందులో 'గుండె' అన్న మాట ఎందుకు రాశానో నిజం చెబుతున్నాను. ప్రాస బాగుందని.

వారం తిరక్కుండా మడుల్లో పనిచేసే మా వీధి మావ ఒకాయన వచ్చి చెక్క మీద పడుకున్నాడు. ఛాతీ పట్టేసింది, ఎడమ చెయ్యి లాగేస్తోంది అన్నాడు. నా కరపత్రం జేబులో ఉంది. తాత అతని భుజం మీద అరచెయ్యి వేసి, నిప్పు ముట్టుకున్నట్టు తీసేశాడు. "సల్లని సెవట. ఇది నా సేతి పని కాదు. ఆటో పిలండ్రా!" అని అరిచాడు. టెక్కలి ఆసుపత్రిదాకా అతన్ని ఒళ్లో పెట్టుకుని తనే వెళ్లాడు. మావ బతికాడు.

మర్నాడు తాత నన్ను పిలిచాడు. చేతిలో ఆ కాగితం. ఆయనకి చదువు రాదు.

"సదువు."

చదివాను. గుండె దగ్గర ఆపాడు.

"అది నానెప్పుడు సెప్పినానురా?"

తప్పని అప్పుడే తెలుసు నాకు. తెలిసే అరిచాను. నీకు నీ విద్య విలువ తెలీదన్నాను. పిరికివాడివన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"నా సేతికి తన అద్దు ఎక్కడో తెలుసురా. నీ రాతకే తెల్దు."

అరుగు దిగిపోయాను. మర్నాటి నుంచి వెనక సందులోంచి తిరిగాను. సాయంత్రం అందరి పనీ అయ్యాక గోడ అవతల చెక్క మీద రెండుసార్లు చప్పుడయ్యేది. దబ్, దబ్. నేను ఇవతల పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క అక్షరం ఎక్కేది కాదు. రేపు వెళ్లి తప్పయిందని చెబుదాం అనుకునేవాణ్ణి. ఆ రేపు ఏడు నెలలు నడిచింది. ఆయన ఒక్క సాయంత్రం కూడా తట్టడం మానలేదు.

మంగళవారం నేను వెళ్లేసరికి పలాస నుంచి ఆయన మేనల్లుడు దిగాడు. స్నానానికి ముందు తలమీద నూనె మూడు చుక్కలు అద్ది, "కానీండి, నీల్లు పొయ్యండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. జీవితమంతా నూనెలో గడిపిన మనిషికి మూడు చుక్కలా?

"ఆగండి, నేను పెడతాను" అన్నాను.

"నువ్వెవుడివిరా? మా మావకి మాం సేసుకుంతాం."

కొట్లాట అయ్యేదే. నా చేతులు అప్పటికే బిగుసుకున్నాయి. ఆటోలో వెళ్లి బతికొచ్చిన మావే అడ్డం వచ్చాడు. "సెయ్యనీయవయ్యా. ఈ గుంటడు దినామూ ఆయన సేతికింద పడుకున్నోడే" అన్నాడు. మేనల్లుడు పక్కకి జరిగాడు.

నూనె గిన్నె పొయ్యి మీద పెట్టాను. తెచ్చి, ఒక చుక్క నా మణికట్టు మీద వేసుకున్నాను.

"పేనం లేనోడికి ఏడి సూస్తన్నావేటిరా?" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

ఆయన్ని ఆ చెక్క మీదే పక్కకి ఒత్తిగిల్లబెట్టి పట్టుకున్నారు. ఆ వీపు నేను ఎప్పుడూ చూడలేదు. ఊళ్లో అందరి వీపులూ తెలిసిన మనిషి వీపు మీద చర్మం ఎండి, ఉప్పుమడి అడుగులా పగుళ్లు తేలి ఉంది. నూనె చేతులతో నిలబడిపోయాను. నొప్పి లేని చోట మొదలుపెట్టాలని ఆయనే నేర్పాడు. ఆ రోజు ఆ ఒంట్లో నొప్పి ఉన్న చోటే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

చివరికి రెక్కల మధ్యన, ఆయన చెయ్యి అందని ఆ చోట, అరచెయ్యి ఆనించాను. తొందరపడలేదు తాతా. నూనె ఇంకేదాకా ఆగాను. చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను, పెదాలు కదపకుండా.

మిగిలిన కరపత్రాలు పొయ్యిలో పెట్టేశాను. మీలో ఎవరి దగ్గరైనా అది ఉంటే చించెయ్యండి. గుండె నొప్పికి ఆసుపత్రికి వెళ్లండి. అది ఆయన మాట.

మేనల్లుడు ఇల్లు తాళం వేసుకుని వెళ్తూ చెక్కని ఏం చెయ్యమంటావని అడిగితే, తెచ్చి మా అరుగు మీద వేసుకున్నాను. మడుల నుంచి వచ్చేవాళ్లు దాన్ని చూస్తూ వెళ్లిపోతున్నారు. నిన్న సాయంత్రం జనం అంతా వెళ్లాక దాని పక్కన కూర్చుని, ఆ నలుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాను. దబ్, దబ్. గోడ అవతల దాకా వినిపించేంత గట్టిగానే తట్టాను.