డెసికేటెడ్ అనగా బొత్తిగా ఎండినది

ఒక ఇంగ్లీషు మాటకు అర్థం సరిగ్గా చెప్పి, మా మావ కొబ్బరిబేరాన్ని నేనెలా తగలబెట్టానో చెబుతాను. తప్పు అర్థం చెప్పి చెడగొట్టినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. సరిగ్గా చెప్పి చెడగొట్టిన ఘనత నా ఒక్కడిదే.

నేను టెక్కలిలో ఎస్సెల్సీ గట్టెక్కి, ఇంగ్లీషును నేనే కనిపెట్టినట్టు తిరుగుతున్న ఏడది. వజ్రపుకొత్తూరు దగ్గర మావ తోటలో దింపిన కాయలు కొనే నాథుడు లేక, పెరట్లో గుట్టపడి మొలకలెత్తుతున్నాయి. అప్పుడే బరంపురం మిఠాయి షావుకారు ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు: డెసికేటెడ్ కొబ్బరి కావాలి, వచ్చే నెల వచ్చి నమూనా చూస్తాను, నచ్చితే ఏడాది పొడుగునా మీ కాయంతా నాదే.

“ఏటిరా అల్లుడా, ఆ డెసి... ఏటది?” అన్నాడు మావ.

నిఘంటువు తెరిచాను. “లాటిన్ల సిక్కస్ అంటే ఎండింది మావా. ముందున్న ‘డె’ అంటే బొత్తిగా. సుక్క తడి ఉండకూడదు.”

“లాటినోళ్లు కూడా కొబ్బరి ఎండబెట్టీవోరేటి?”

“ఆళ్లు మాటొక్కటే ఎండబెట్టి వొదిలేసినారు. కొబ్బరి మనం ఎండబెట్టాల.”

వంద కాయలు పగలగొట్టి, మూడు వారాలు ఎండబెట్టించాను. చిప్పలు చెక్కలయ్యాయి.

“సాల్రా!” అన్నాడు మావ.

“ఇప్పటికి సిక్కస్ అయినాది. ‘డె’ ఇంకా రానేదు.”

అప్పుడు నా చూపు జీడిపిక్కలు కాల్చే పెనం మీద పడింది. అత్త అడ్డుపడింది. “నాయనా, ఆ పెనానికి జీడిసొన పట్టేసింది. మూతికి తగిల్తే పొక్కిపోద్ది!”

“నిప్పు మీద సొన మిగుల్తాదేటి అత్తా? బొత్తిగా అంటే బొత్తిగానే!”

పెనం మీంచి దిగిన కొబ్బరి రోడ్డుకు పరిచే నల్లకంకరలా నిగనిగలాడింది. రుచి చూశావా అని నన్నడక్కండి. పండితుడు అర్థం చెబుతాడు, నమలడు.

షావుకారు పలాసలో రైలు దిగి, బండి కట్టించుకుని వచ్చాడు. చేటలోకి చూసి, సంచిలోంచి డబ్బా తీశాడు. లోపల మల్లెపువ్వుల్లాంటి తురుము.

“డెసికేటెడ్ అంటే ఇది. తురిమి, తెల్లగా ఉండగానే ఆరబెట్టాలి. మరి మీదేమిటి?”

“ఇది అసలైనదండీ,” అన్నాను ధీమాగా. “లాటిన్ ప్రకారం చేశాం.”

మర్యాదస్తుడు కనుక ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ముందు పన్ను కదిలింది. ఆ తరువాత పెదవులు బూరెల్లా పొంగాయి. అత్త గబగబా బొండాలు కొట్టిస్తే ఆరు తాగి, మూగవాడిలా బండెక్కాడు. మావ కాయల గుట్ట పక్కన చతికిలబడ్డాడు.

“పోనాది బేరం,” అన్నాడు. నన్ను తిట్టనైనా లేదు.

వారానికి ఉత్తరం వచ్చింది. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదా, ఇరుగుపొరుగంతా చుట్టూ చేరారు. చదివి తెలుగులో చెప్పసాగాను: “మీ బొండాలే నన్ను బతికించాయి. కాయ మంచిది, అంతా తీసుకుంటాను. పీచుతో సహా పచ్చివే పంపండి, ఆరబెట్టడం మేం చూసుకుంటాం. ఒకటే షరతు...”

ఆగిపోయాను.

“ఆగిపోనావేటి? సదువు!” మావ ముఖం వెలిగిపోతోంది.

“...అర్థాలు చెప్పే ఆ కుర్రవాణ్ణి మాత్రం కాయల దరిదాపులకు రానివ్వకండి.”

“ఈ ఉత్తరం మాత్రం బాగా సదివినావు నాయనా,” అంది అత్త.

కాబట్టి మహాజనులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఏ ఇంగ్లీషు మాట తెచ్చినా అర్థం చెబుతాను, అది పుట్టిన ఊరు చెబుతాను, కావలిస్తే దాని తాతముత్తాతల పేర్లూ చెబుతాను. దానికోసం పొయ్యి మాత్రం వెలిగించను.